"దేవుడు నన్ను వాడుకున్నాడు": కొట్టేయాల్సిన మాటేనా?

మొన్న గుంపులో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న కింద వ్యాఖ్యలు మతం మీదికి మళ్ళి మాటని వదిలేశాయి. అందుకే విడిగా రాస్తున్నాను.

ఆవిడ ఉండేది బెంగళూరులోనే, లింగరాజపురం వైపు. వాళ్ళ తెలుగు క్రైస్తవ సంఘం (చర్చి) తెచ్చే చిన్న పత్రిక కోసం అమెరికన్ నవలా రచయిత్రి ఫ్రాన్సీన్ రివర్స్ మీద పరిచయ వ్యాసం రాశారు. అందులో "దేవుడు ఆమెను రచయిత్రిగా బలంగా వాడుకున్నాడు" అని ఒక వాక్యం. రాతప్రతి చూసిపెట్టిన బాబాయిగారు, ఆయన చర్చికి వెళ్ళే మనిషి కాదు, దాని కింద ఎర్రగీత గీసి "ఇదేం మాటమ్మా, వినడానికే బాగాలేదు. ప్రేరేపించాడు అని రాయి" అన్నారట. ఏది ఉంచాలి?

బాబాయిగారి ఇబ్బంది నాకు అర్థమైంది. బయట "నన్ను వాడుకున్నాడు" అంటే పని గడిచేదాకా దగ్గరికి తీసి, ఆ తర్వాత కూరలో కరివేపాకులా తీసి పారేశాడని. ఆడమనిషి నోట వస్తే అర్థం ఇంకా కటువు. సీరియళ్ళలో కన్నీళ్ళతో వచ్చే డైలాగు ఇదే కదా. ఆ చెవితో చదివితే దేవుడి పక్కన ఈ క్రియ నిజంగానే ఉలిక్కిపడేలా చేస్తుంది.

సంఘంలో పెరిగినవాళ్ళకి మాత్రం ఇందులో కొంచెం కూడా చెడు వినపడదు. ఉజ్జీవ కూటాల (భక్తిని రగిలించే ప్రత్యేక సభల) పోస్టర్ల మీద "దేవునిచేత బలముగా వాడబడుచున్న దైవజనులు" అని ఫోటో కింద పెద్ద అక్షరాలతో వేస్తారు. (ఈ "బడు" ప్రయోగాలు చర్చి తెలుగుకి పట్టుకున్న జబ్బు అని నా అభిప్రాయం. దాని గురించి ఇంకోసారి.) ప్రార్థన చివర "నన్ను వాడుకో ప్రభువా" అనే మనిషి తనని మోసం చెయ్యమని అడగడం లేదు. ఆ మాట వచ్చిన చోటు వేరు.

బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, రెండవ తిమోతి పత్రిక, రెండో అధ్యాయం తీయండి. గొప్ప యింట్లో వెండి బంగారు పాత్రలే కాదు, కర్రవీ మట్టివీ కూడా ఉంటాయంటాడు పౌలు. శుద్ధి చేసుకున్నవాడు ఎలా ఉంటాడంటే "యజమానుడు వాడుకొనుటకు అర్హమై", ఘనమైన పనికి పనికొచ్చే పాత్రగా ఉంటాడట. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం మన బెంగళూరు ఎంజీ రోడ్డులోనే ఉంది. ఆ సొసైటీ వేసే పాత అనువాదమే ఇప్పటికీ చాలా తెలుగు ఇళ్ళలో చదివేది, ఈ క్రియ సంఘం నోట స్థిరపడింది కూడా దాని బలంతోనే. వాడుకునేది గిన్నెని, చెంబుని. దాన్ని రోజూ తోమి, రోజూ వాడతారు. వాడని గిన్నె అటకెక్కుతుంది. అంటే ఇక్కడ వాడుకలో ఉండడమే గౌరవం, పక్కన పెట్టడమే అవమానం. బాబాయిగారు విన్న అర్థానికి ఇది సరిగ్గా తలకిందులు.

ఇక్కడ "పాత్ర"కి మూలంలో ఉన్న గ్రీకు మాట స్కేవోస్. అదే మాట బైబిల్లోనే అపొస్తలుల కార్యములు 9:15లో పౌలు గురించే వస్తుంది. అక్కడ మనవాళ్ళు పాత్ర అనకుండా "సాధనము" అన్నారు. తిమోతి పత్రికలో "పాత్ర" పడటం తెలుగువాళ్ళకి కలిసొచ్చింది. నవలలో ఉండేదీ పాత్రే కదా. రచయిత్రి ఒకరి చేతిలో పాత్ర, ఆమె చేతిలో మళ్ళీ పాత్రలు.

ఇక "ప్రేరేపించాడు" సంగతి. బాబాయిగారు వినయంగా ఉంటుందని ఈ మాట సూచించారు గానీ, క్రైస్తవ పాఠకుడికి అది ఉన్నదానికంటే పెద్ద గొప్ప. రెండవ పేతురు 1:21లో ప్రవక్తల గురించి ఏమని ఉంది? "మనుష్యులు పరిశుద్ధాత్మవలన ప్రేరేపింపబడినవారై" దేవుని మూలంగా పలికారని. లేఖనం పుట్టిన తీరుకి వాడిన క్రియ అది. రొమాన్స్ నవలలు రాసిన ఆవిడని దేవుడు ప్రేరేపించాడని రాస్తే, ఆవిడని యెషయా ప్రవక్త పక్కన కూర్చోబెట్టినట్టు. "వాడుకున్నాడు" అంటే మట్టిగిన్నె అన్నట్టే. రెంటిలో ఏది తగ్గి ఉన్న మాటో చూడండి.

అసలు ఇంగ్లీషులో ఈ జాతి నవలలకి "ఇన్‌స్పిరేషనల్ ఫిక్షన్" అన్న పేరు ఉండటం వల్ల కూడా "ప్రేరణ" వైపు చెయ్యి పోతుంది. ప్రచురణకర్తల లెక్కలో అది చాలావరకు క్రైస్తవ విశ్వాసం ఇరుసుగా నడిచే కథలకి పెట్టిన పేరు. తెలుగులో "స్ఫూర్తిదాయక" అంటే వ్యక్తిత్వ వికాస పుస్తకాల అరకి వెళ్ళిపోతాం. నేనైతే "విశ్వాస నవల" అంటాను.

వ్యాఖ్యల్లో ఒకరు పోతనని తెచ్చారు. మంచి పని చేశారు. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట" అన్నాక, దేవుడు "రాయించాడు" అంటే సరిపోదా, అచ్చతెలుగు దారి ఉండగా ఈ గొడవెందుకని వారి వాదం. విన్నప్పుడు నేనూ మెత్తబడ్డాను. కానీ రివర్స్ జీవితం ఆ మాటలో ఇమడదు. ఆవిడ 1947లో పుట్టారు. మామూలు మార్కెట్టుకి చారిత్రక రొమాన్సులు రాసి బాగానే పేరు తెచ్చుకున్నారు. 1986లో మారుమనస్సు పొందారు, అంటే క్రీస్తు విశ్వాసంలోకి వచ్చారు. ఆ తర్వాత దాదాపు మూడేళ్ళు కలం కదల్లేదని ఆవిడే చెప్పుకున్నారు. చెయ్యి తిరిగిన రచయిత్రి, భక్తి వచ్చాక రాయలేకపోయారు! "రాయించాడు" అంటే ఆ మూడేళ్ళని ఎక్కడ పెడతాం? పలికించేవాడు పలికించలేదనా? పాత్ర అయితే చిక్కు లేదు. కొన్నాళ్ళు బోర్లించి ఉంచారు, కడిగారు, మళ్ళీ దింపారు. పోతన క్రియ నోటికి సంబంధించింది, పౌలు క్రియ గిన్నెకి. ఈవిడ కథకి గిన్నే నప్పింది.

అయితే బాబాయిగారి ఎర్రగీతలో ఒక నిజం ఉంది. అది వ్యాసంలో ఇంకో పేరాకి తగులుతుంది.

మౌనం తర్వాత 1991లో వచ్చిన నవల "రిడీమింగ్ లవ్". 1997లో క్రైస్తవ పాఠకుల కోసం సవరించి మళ్ళీ వేశారు, 2022లో సినిమా కూడా వచ్చింది. బైబిల్లోని హోషేయ ప్రవక్త గ్రంథాన్ని 1850ల కాలిఫోర్నియా బంగారు గనుల రోజుల్లోకి దించిన కథ. నాయిక ఏంజెల్‌ని చిన్నప్పుడే వ్యభిచారంలోకి అమ్మేస్తారు. మైకేల్ హోషేయ అనే రైతు ఆమెని పెళ్ళాడతాడు, ఆమె వెళ్ళిపోతుంది, అతను మళ్ళీ వెతుక్కుంటూ వెళ్తాడు. మన సభ్యురాలు ఈ కథ చెబుతూ "మగవాళ్ళందరూ ఆమెను వాడుకున్నారు" అని రాశారు. ఆ తర్వాతి పేరాలోనే దేవుడు రచయిత్రిని వాడుకున్నాడు! వ్యాసం నాకు పంపితే చూశాను. అక్కడ మాత్రం చదివే మనిషి ఆగిపోవడం ఖాయం. ఏంజెల్‌కి జరిగిన అన్యాయానికీ, ఆ కథ రాసినావిడ తనకి దక్కిందనుకున్న గౌరవానికీ ఒకే క్రియ పడకూడదు. సంఘంలో పుట్టి పెరిగిన పాఠకురాలైనా సరే, పక్కపక్కన రెండూ చూస్తే మొదటిది రెండోదాన్ని మరక చేస్తుంది.

మార్చాల్సింది మొదటిదాన్ని. "ఆమె ఒంటికి వెల కట్టారు" అంటే చాలు. పైగా హోషేయ మూడో అధ్యాయంలో ప్రవక్త తన భార్యని వెండీ యవలూ ఇచ్చి విడిపించుకుంటాడు, ఆమెని కొన్నానంటాడు. ఒకరు అమ్మడానికి వెల కట్టారు, ఒకరు విడిపించడానికి వెల చెల్లించారు. కథ నడిచేదే ఆ ఇరుసు మీద, కాబట్టి "వెల" ఇక్కడ ఊరికే పడిన మాట కాదు. ఆ "కొన్నాను"లో ఉన్న కొను, "వాడుకొను"కి తోకగా ఉన్న కొను ఒకటే. తనకోసం, తనవైపుకి అన్న భావం రెంటిలోనూ ఉంది.

కన్నడ సంఘాల్లో "దేవరు ఉపయోగిసిదరు" అంటారు కాబట్టి "ఉపయోగించుకున్నాడు" పెట్టమన్నవారికి: తెలుగులో అదీ అదే బురదలో పడింది, పైగా ఆఫీసు వాసన. వద్దు.

"దినపత్రిక ఆదివారం అనుబంధానికి పంపితే?" అని అడిగారు ఇంకొకరు. అక్కడ పాఠకుడికి తిమోతి పత్రిక తెలియదు. అప్పుడు "తన రచనని దేవుని పనికి అప్పగించారు" అని రచయిత్రినే కర్తని చేసి రాయొచ్చు. అర్థం కొంత తగ్గుతుంది, అపార్థం పూర్తిగా పోతుంది. సంఘ పత్రికకి ఆ రాజీ అక్కర్లేదు.

మన సభ్యురాలికి నేను పంపిన వాక్యం ఇది, దీనిమీద కొట్టుకోండి: "మూడేళ్ళు పక్కన పెట్టిన పాత్రని దేవుడు మళ్ళీ చేతిలోకి తీసుకుని వాడుకున్నాడు." నేను "బలంగా" తీసేసినందుకు బాబాయిగారు సంతోషించారట. "వాడుకున్నాడు" మీద ఆయన గీత ఇంకా చెరపలేదు.