చర్చ: ధాన్యం గాదె తాళం పాస్టరు దగ్గర ఉండొచ్చా?

గాదెగింజ:
ఆదివాసి గూడేల్లో మిషన్లు బడులు నడుపుతాయి, వైద్యం చేస్తాయి, ఊరి గింజలు గాదెలో దాచి అవసరానికి అప్పుగా ఇచ్చే ధాన్యం బ్యాంకులూ పెడతాయి. సువార్త చెప్పే మనిషే అప్పు గింజలు కొలిచి ఇవ్వొచ్చా అన్నది ఇక్కడి ప్రశ్న. ఇవ్వకూడదంటాను. ఇప్పటి జార్ఖండ్‌లోని ఛోటానాగ్‌పూర్‌నే తీసుకోండి. 1885లో అక్కడి తోర్పా వచ్చిన ఫాదర్ లీవెన్స్ అనే జెస్విట్ (కాథలిక్ మతగురువుల సభవాడు) జమీందార్ల వెట్టి మీద, అక్రమ శిస్తుల మీద రైతుల తరఫున కోర్టు కేసులు నడిపించాడు. ఏడేళ్ళలో వేలమంది మతంలోకి వచ్చారు. వాళ్ళు వచ్చింది విశ్వాసం కోసమా, దావా కోసమా? ఆ అనుమానం నేటికీ తీరలేదు. అనుమానానికి చోటిచ్చేలా పని కట్టకూడదు.

మోదుగుపువ్వు:
గాదెగింజ గారూ, అనుమానం ఎవరిది? ఊళ్ళో జనానిది కాదు, దూరంగా కూర్చున్నవాళ్ళది. భూమి పోతుంటే ఎవరు పక్కన నిలబడ్డారో చూసి వాళ్ళ దేవుణ్ణి నమ్మడం తప్పా? తమ మేలు తాము తెలుసుకోలేరని ఆదివాసుల గురించి అనుకోవడమే పెద్ద అవమానం. అక్కడే పనిచేసిన ఇంకో జెస్విట్ ఫాదర్ హోఫ్‌మన్, ముండా ఆదివాసుల ఖూంట్‌కట్టీ భూమి పద్ధతిని, అంటే అడవి కొట్టి సాగుచేసిన వంశానికే భూమి ఉమ్మడిగా చెందే ఆచారాన్ని, వివరంగా రాసిపెట్టాడు. 1908 ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం తయారీకి అది అక్కరకొచ్చింది. మరుసటి ఏడే సహకార పరపతి సంఘం పెట్టాడు. భాష నేర్చుకుని ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న మనిషి కాబట్టే అది చేయగలిగాడు. అన్నేళ్ళు అక్కడ నిలబెట్టింది ఆయన విశ్వాసమే.

గాదెగింజ:
ఆ సంఘం పేరులోనే ‘కాథలిక్’ ఉంది. అదే ఊళ్ళో సర్నాను, అంటే తమ పవిత్ర వనాన్ని, కొలిచే ముండా కుటుంబం ఎక్కడికి పోవాలి? ఇక భాష సంగతికొస్తే, గిడుగు రామమూర్తి గారు ఏ మిషన్ మనిషీ కాదు. ఆదివాసుల సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు.

కాటాబాట్లు:
మీ ఇద్దరి వాదనా తాళం దగ్గరే ఆగిపోయింది. అసలు గాదెలు మూతపడేది తేమ వల్ల, మొహమాటం వల్ల.

40 ఇళ్ళు, ఇంటికి 25 కిలోల వడ్లు, మొత్తం 1,000 కిలోలు అనుకోండి. ఆషాఢ శ్రావణాల్లో, ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు, అప్పిస్తారు. సావుకారు నాగుకు, అంటే గింజలే వడ్డీగా, ఇస్తే ఒకటికి ఒకటిన్నర. గాదెకు పది శాతం చాలనుకుంటారు. కోతలవగానే 1,100 కిలోలు తిరిగి వస్తాయి, కానీ పచ్చి గింజ. 17 శాతం తేమతో తీసుకున్నది 12 శాతానికి ఎండితే మిగిలేది 1,037 కిలోలే. ముక్కుపురుగు, ఎలుక ఇంకో నలభై తింటే వడ్డీ మొత్తం గల్లంతు. అందుకే ఎండబెట్టాకే కాటా వేయాలి. గింజ పంటి కింద టక్కున విరగాలి, నలిగితే వెనక్కి పంపాలి. తాలు తూర్పారబట్టాలి. బస్తాలు నేలకు జానెడు ఎత్తున కర్రల మీద, గోడకు మూరెడు దూరంలో పేర్చాలి.

ఇక మొహమాటం. అప్పు వసూలు చేసేవాడే ఆదివారం ప్రార్థన చేయిస్తుంటే, ఎగ్గొట్టినవాణ్ణి గట్టిగా అడగలేడు. అడిగితే వాడు చర్చి మానేస్తాడు. అడగకపోతే చర్చికి రానివాళ్ళు ‘మేమెందుకు కట్టాలి’ అంటారు. రెండో పంటకు సగం ఇళ్ళు జారిపోతాయి. పాస్టరు మంచివాడైనంత మాత్రాన ఇది ఆగదు.

మోదుగుపువ్వు:
వసూలు సంగతి ఒప్పుకుంటాను, అంత లోతుగా ఆలోచించలేదు. అయితే మిషన్ డబ్బులిచ్చి తప్పుకుని, ఊరి సంఘమే నడుపుకుంటే సరిపోతుందా?

కాటాబాట్లు:
విదేశీ విరాళమైతే కుదరదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అందుకే మొదటి గింజలు ఇళ్ళ నుంచే రావాలి. అదే మేలు కూడా, తమ గింజకు తామే కాపలా కాస్తారు. స్థలం విషయంలో మన ఏజెన్సీలో 1/70 అనే భూ బదలాయింపు చట్టం ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకో, సభ్యులంతా గిరిజనులే అయిన సహకార సంఘానికో తప్ప చేతులు మారదు. పాస్టరు గిరిజనేతరుడైతే ఆ సంఘంలో సభ్యుడే కాలేడు.

గాదెగింజ:
పాస్టరు ఆ ఊరి కోయవాడే అయితే?

మోదుగుపువ్వు:
అప్పుడు ఆపడానికి కారణమే లేదు. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు. 1950 ఎస్సీ ఉత్తర్వులో ఉన్న మత షరతు ఎస్టీ ఉత్తర్వులో లేదు. అతనికీ 25 కిలోల వాటా ఉంటుంది, అందరిలాగే.

కాటాబాట్లు:
వాటా ఉండనివ్వండి, కార్యదర్శి పదవి వద్దు. రెండు తాళాలు వేయండి. ఒక తాళంచెవి చర్చికి వెళ్ళే ఇంట్లో, ఇంకోటి ఊరి దేవతను కొలిచే ఇంట్లో ఉండాలి. ఆడవాళ్ళ దగ్గరైతే ఇంకా మంచిది, ఇంట్లో గింజలెప్పుడు అడుగంటుతాయో తెలిసేది వాళ్ళకే. అప్పు లెక్క అందరికీ కనబడేలా గాదె గోడ మీద, పేరుకెదురుగా సున్నపు గీతలతో వేయండి. గింజలిచ్చే రోజున ప్రార్థన గానీ, కోడిని కోయడం గానీ పెట్టుకోవద్దు.

మోదుగుపువ్వు:
చివరి మాట నాకు మింగుడు పడటం లేదు. కొత్త గింజ ఇంటికొస్తే దండం పెట్టకుండా గాదెలో పోసే కొండ ఊరు ఎక్కడైనా ఉందా?

కాటాబాట్లు:
పోసే రోజు పెట్టుకోండి, ఎవరి దండం వాళ్ళది. నేను వద్దన్నది అప్పిచ్చే రోజున. ఆకలితో వరసలో నిలబడ్డవాడు ఏ దేవుడి ముందైనా తల వంచుతాడు.