డిస్టోపియన్ (భయంకరమైన అణచివేత సమాజాన్ని ఊహించి రాసిన) నవలల ముగింపులను సినిమాలు మార్చడం సబబేనా?

నవలాప్రియ (ప్రశ్న)

యజమానిని తరిమి ఫారాన్ని చేజిక్కించుకున్న జంతువుల మీద చివరకు పందులే పెత్తనం చెలాయించే కథ, జార్జ్ ఆర్వెల్ 1945లో ప్రచురించిన ‘యానిమల్ ఫామ్’ నవలను ఇటీవల మళ్ళీ చదివి, ఆ వెంటనే 1954 నాటి యానిమేషన్ చిత్రాన్ని చూశాను. బాక్సర్ అనే గుర్రాన్ని కబేళాకు తరలించే ఘట్టంలో కథలోని దుఃఖాన్ని సినిమా ఏమాత్రం తగ్గించలేదు. ముగింపు మాత్రం పూర్తిగా వేరు. నవలలో జంతువులు కిటికీలోంచి లోపలికి చూసి, పందులెవరో మనుషులెవరో పోల్చుకోలేక నిలబడిపోతాయి. సినిమాలో అవే జంతువులు బెంజమిన్ అనే గాడిద వెంట నడిచి పందుల మీద తిరగబడతాయి. ఆ తిరుగుబాటు చూస్తున్నంతసేపూ ఊరటగానే అనిపించింది కానీ, ఆర్వెల్ చెప్పదలచినది ఇది కాదు కదా అన్న బాధ అంతకంటే ఎక్కువగా మిగిలింది. ఈ మార్పు ఎందుకు చేశారు? ఈ కోవకు చెందిన ఇతర నవలల విషయంలోనూ ఇలాగే జరిగిందా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

పాతసంచిక

నవలాప్రియ గారూ, ఈ మార్పుకు రాజకీయ నేపథ్యం ఉంది. ఆర్వెల్ 1950 జనవరిలో మరణించిన తరువాత చిత్ర హక్కులను ఆయన భార్య సోనియా నుంచి కొనుగోలు చేశారు. నిర్మాత అమెరికాకు చెందిన లూయీ ద రోష్‌మాంట్. చిత్రాన్ని రూపొందించినవారు బ్రిటన్‌లో స్టూడియో నడిపిన జాన్ హలాస్, జాయ్ బాచెలర్ దంపతులు. దీనికి డబ్బు రహస్యంగా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నుంచి వచ్చిందన్న సంగతి చాలాకాలం తరువాత గానీ బయటపడలేదు. ప్రచ్ఛన్నయుద్ధం ముమ్మరంగా ఉన్న ఆ రోజుల్లో, నిస్సహాయంగా కిటికీ దగ్గర నిలిచిపోయిన జంతువుల కంటే తలుపులు బద్దలు కొట్టే జంతువులే వారి ప్రచారానికి పనికివచ్చేవి.

అయితే తిరుగుబాటు కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టే మార్పు ఇంకొకటి ఉంది. నవల చివరి విందులో పందులతో కలిసి పేకాడేవారు చుట్టుపక్కల ఫారాల యజమానులైన మనుషులు. నవలలోని పందులు సోవియట్ పాలకులకు ప్రతీకలు; సోవియట్ నేత స్టాలిన్ పాశ్చాత్య నాయకులతో సమావేశమైన 1943 నాటి టెహ్రాన్ సభను దృష్టిలో పెట్టుకుని ఆ ఘట్టం రాసినట్లు ఆర్వెల్ తన నవల ఉక్రేనియన్ అనువాదానికి రాసిన ముందుమాటలో స్వయంగా తెలిపారు. అంటే ఆ బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇరుపక్షాల మీదా ఆయన వేలు చూపించారు. సినిమాలో ఆ విందుకు మనుషులే రారు, వచ్చేవన్నీ ఇతర ఫారాల పందులే. ఆ ఒక్క మార్పుతో ఆర్వెల్ విమర్శలో సగభాగం తెర మీద లేకుండా పోయింది. చిత్రకళ ఎంత గొప్పగా ఉన్నా, ఈ విషయంలో ఆ చిత్రాన్ని నేను సమర్థించలేను.

వెండితెర విద్యార్థి

పాతసంచిక గారి మాటతో ఏకీభవిస్తూనే, మార్పులన్నీ ద్రోహాలు కావని మనవి చేయదలచాను. రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారెన్‌హీట్ 451’ను ఫ్రాన్సువా ట్రూఫో 1966లో తీసిన తీరు చూడండి. చదువు నిషిద్ధమైన లోకం గనుక సినిమా ఆరంభంలో నటీనటుల, సాంకేతికుల పేర్లు అక్షరాలలో కనిపించవు. ఇళ్ళ పైకప్పుల మీది టీవీ ఆంటెన్నాలను చూపిస్తూ ఒక గొంతు వాటిని చదివి వినిపిస్తుంది. కథానాయకుడు మోంటాగ్ చేతిలోని వార్తాపత్రికలో కూడా బొమ్మలే తప్ప ఒక్క మాట ఉండదు. నవలలో లేని ఈ ఊహలు నవల ఉద్దేశాన్ని మరింత పదునెక్కించాయని నా అభిప్రాయం.

ముగింపు కూడా మారింది. నవలలో యుద్ధం వచ్చి నగరం బాంబులకు నాశనమవుతుంది. ట్రూఫో ఆ యుద్ధాన్ని వదిలేసి, పుస్తకాలను కంఠస్థం చేసిన మనుషులు మంచు కురుస్తుండగా ఎవరి పుస్తకాన్ని వారు వల్లించుకుంటూ నడవడంతో చిత్రాన్ని ముగించారు. మరణశయ్య మీద ఉన్న వృద్ధుడొకరు తన పుస్తకాన్ని ఒక బాలుడికి అప్పగించే సన్నివేశం అక్కడే వస్తుంది. మోంటాగ్‌ను ఆలోచింపజేసి, నవల మధ్యలోనే కనుమరుగయ్యే పొరుగింటి యువతి క్లారిస్ ఈ చిత్రంలో బతికి ఉంటుంది. బ్రాడ్‌బరీకి ఈ మార్పు నచ్చి, తరువాత తాను రాసిన నాటకరూపంలో ఆమెను బతికించారు. ఆర్వెల్‌కు అటువంటి అవకాశమే లేకపోయింది.

గ్రంథాలయం వీధి

ముగింపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆంథొనీ బర్జెస్ నవల ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ను కూడా చేర్చాలి. 1962లో బ్రిటన్‌లో వెలువడిన ఈ నవలకు 21 అధ్యాయాలున్నాయి. చివరి అధ్యాయంలో, హింసలోనే ఆనందం వెతుక్కునే కుర్ర కథానాయకుడు అలెక్స్ ఆ హింసతో విసిగి, పెళ్ళి, బిడ్డ గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. అమెరికన్ ప్రచురణకర్తలు ఆ అధ్యాయాన్ని తొలగించారు, 1971లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన చిత్రం కూడా ఆ కుదించిన కథనే అనుసరించింది. ఇక్కడ ముగింపు మారడం సినిమాతో మొదలు కాలేదు, పుస్తకంతోనే మొదలైంది.

ఆర్వెల్ మరో నవల ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ విషయం ఇంకా సూక్ష్మమైనది. మైకేల్ రాడ్‌ఫోర్డ్ ఆ నవలను 1984లోనే, కథ జరిగే లండన్ పరిసరాలలోనే చిత్రీకరించారు. కథానాయకుడు విన్‌స్టన్‌గా జాన్ హర్ట్ నటించగా, అతన్ని హింసించి లొంగదీసే ఓబ్రియన్ పాత్ర రిచర్డ్ బర్టన్‌కు చివరి సినిమా పాత్ర అయింది. కథాపరంగా ఇది చాలా నిజాయితీ గల అనుసరణ. కానీ నవల చివర, జనం ఆలోచనలను అదుపు చేయడానికి కథలోని నిరంకుశ ప్రభుత్వం తయారుచేసిన ‘న్యూస్పీక్’ భాష గురించి ఒక అనుబంధం ఉంటుంది. అది భూతకాలంలో, మామూలు ఇంగ్లీషులో రాసి ఉండటం వల్ల, ఆ నిరంకుశ ప్రభుత్వం ఏదో ఒకనాటికి కూలిపోయిందని భావించే పాఠకులున్నారు, నేనూ వారిలో ఒకడిని. సినిమాలో ఆ అనుబంధానికి చోటు దొరకలేదు. నవలాప్రియ గారూ, మీరు ఈ చిత్రం చూడదలిస్తే, ముందుగా నవలను ఆ చివరి పుటలతో సహా పూర్తిచేయండి. చాలామంది కథ అయిపోయిందనుకుని వాటి ముందే పుస్తకం మూసేస్తారు.