ఇంట్లో వాడే బ్లాస్టింగ్ క్యాబినెట్‌కి ఎంత కంప్రెసర్ కావాలి?

పాత బైక్ పార్టుల తుప్పు వదిలించడానికి చిన్న సైఫన్ బ్లాస్టింగ్ క్యాబినెట్ (గాలి ఒత్తిడితో సన్న గాజు పూసల్ని పీల్చి పార్టు మీద కొట్టే మూసిన పెట్టె) వాడుతున్నాను. గన్‌లో ఎయిర్ జెట్ (గాలి వచ్చే రంధ్రం) 3 మి.మీ., కంప్రెసర్ 2 హెచ్‌పీ, ట్యాంకు 50 లీటర్లు. ట్రిగ్గర్ నొక్కిన కొత్తలో 90 పీఎస్ఐ ప్రెజర్ దగ్గర గ్లాస్ బీడ్స్ (ఆ గాజు పూసలు) గట్టిగానే కొడతాయి. కాసేపటికే గేజ్ ముల్లు 40కి దిగుతుంది, బీడ్స్ తుప్పు మీద ఊరికే రాలిపోతుంటాయి. పైగా గొట్టంలో నీరు చేరి అవి ముద్దకడుతున్నాయి.

3 మి.మీ. జెట్‌కి 80 పీఎస్ఐ దగ్గర సుమారు 15 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి కావాలి, 2 హెచ్‌పీ అందులో సగం ఇవ్వడమే కష్టం. పెద్ద ట్యాంకు పెట్టినా ప్రెజర్ కాస్త ఆలస్యంగా పడుతుందంతే.

5 హెచ్‌పీకి వెళ్లాలా, లేక 2 మి.మీ. జెట్ వేసి నెమ్మదిగా చేసుకున్నా తుప్పు పోతుందా? తేమ ఫిల్టర్ ట్యాంకు దగ్గర బిగించాలా, క్యాబినెట్ దగ్గరా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.