వీధికుక్క చనుమొన దగ్గర గడ్డ పెరుగుతోంది, గుడివాడ దగ్గర ఎక్కడ చూపించాలి?

ప్రశ్న (గుడివాడ)
నమస్కారమండీ. వానల్లో మా గేటు దగ్గర చేరిన ఆడకుక్క, అప్పట్నుంచి మాతోనే ఉంటోంది. ఆరేడేళ్ళు ఉండొచ్చు. చెవికి కత్తిరింపు గుర్తు లేదు కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు లేదు. వెనక చివరి చనుమొన పక్కన గడ్డ ఉంది. మొదట ఉసిరికాయంత, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. తిండి బాగానే తింటోంది. ఇక్కడ ఒకరికి చూపిస్తే యాంటీబయాటిక్ ఇచ్చి, ముసలిది వదిలేయమన్నారు. పక్కింటావిడ పసుపూ సున్నం పట్టు వేయమంటోంది. సూది గుచ్చి పరీక్ష చేస్తే క్యాన్సర్ పాకిపోతుందంటున్నారు, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు (పశువైద్యుడు, ఏలూరు)
పసుపూ సున్నం వద్దమ్మా. చర్మం కాలుతుంది, అది నాకితే నోరు కూడా పుండవుతుంది. ఆరేడేళ్ళకే ముసలిదని వదిలేయక్కర్లేదు.

ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో చనుకట్టు గడ్డలు బాగా మామూలు, అందులోనూ వెనకవైపు వాటిలో ఎక్కువ. సుమారు సగం క్యాన్సర్‌వి, సగం కావు. చేత్తో నొక్కి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. 3 సెంటీమీటర్ల లోపు ఉండగా తీయించినవాటికి ఫలితం బాగుంటుంది. మీరు చెప్పిన సైజును బట్టి ఇక ఆలస్యం పనికిరాదు. ఈలోగా వారానికోసారి స్కేలుతో కొలిచి, అదే కోణంలో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరుకి అది చాలా ఉపయోగం.

సూది పరీక్ష వల్ల గడ్డ పాకుతుందన్న భయంతో దాన్ని మానుకోకండి. దాంతో చీము గడ్డా, కొవ్వు గడ్డా, ఇంకేదైనానా అన్నది తేలుతుంది. కాకపోతే చనుకట్టు గడ్డ మంచిదో చెడ్డదో సూదితో గట్టిగా చెప్పడం కష్టం. తీసేశాక ముక్కను ల్యాబ్‌కి పంపితేనే తెలుస్తుంది. అందుకే ముందే అడగండి: "గడ్డ పారేయకుండా, కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పెట్టి బయాప్సీకి పంపుతారా?" చాలాచోట్ల అడగకపోతే చెత్తబుట్టలోకే పోతుంది.

గజ్జల దగ్గర కాబట్టి హెర్నియా, అంటే లోపలి పేగో కొవ్వో చర్మం కిందికి జారిన వాపు, కూడా అయ్యుండొచ్చు. సరిగా చూడకుండా ఎవరైనా బ్లేడుతో కోస్తామంటే ఒప్పుకోవద్దు, లోపల పేగు ఉంటే ప్రమాదం. రోగం ఏమిటో తేలకముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వద్దు, కొన్ని రకాల గడ్డలు తాత్కాలికంగా తగ్గి అసలు సంగతి దాగిపోతుంది.

జవాబు (విజయవాడ)
అక్కా, మీకు దగ్గర గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి. పొద్దున్నే ఓపీకి వెళ్ళండి, బయల్దేరే ముందు ఫోన్ చేసి సర్జరీ విభాగం ఏ రోజుల్లో చూస్తుందో కనుక్కోండి. విజయవాడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల కూడా ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా మందులూ కుట్లదారం బయట కొనమనొచ్చు, కొంత డబ్బు దగ్గర పెట్టుకోండి. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ఊళ్ళో పశువులకి ఎంతో మేలు, కానీ ఇలాంటి ఆపరేషన్‌కి దాని మీద ఆధారపడొద్దు.

బస్సు సంగతి మర్చిపోండి, తెలిసిన ట్రాలీ ఆటో మాట్లాడుకోండి. ఎంత మెత్తని కుక్కైనా నొప్పి పెడితే కరుస్తుంది. దారిలో మూతికి కట్టు వేసి ఉంచొద్దు, ఎండలో రొప్పలేకపోతే ఊపిరాడదు. పరీక్ష చేసేటప్పుడు వేస్తే చాలు. కరిస్తే సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబీస్ టీకాకి వెళ్ళండి.

ప్రశ్న (గుడివాడ)
థాంక్స్ అండీ. మీ జవాబు చూశాక మిగతా చనుమొనలూ తడిమి చూశాను, ముందువైపు ఇంకో చిన్న గడ్డ తగిలింది. ఒంటి నిండా పిడుదులు కూడా ఉన్నాయి.

జవాబు (పశువైద్యుడు, ఏలూరు)
రెండు వరుసలూ తడిమి మంచి పని చేశారు, ఒకటికి మించి ఉండటం మామూలే. పిడుదుల సంగతి తప్పకుండా చెప్పండి. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆ స్థితిలో కోస్తే నెత్తురు ఆగదు. రక్తపరీక్షలో తేలితే ముందు దానికి మందు వాడి, తర్వాతే ఆపరేషన్. ఊపిరితిత్తులకి పాకిందేమో చూడ్డానికి ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. గడ్డ చుట్టూ ఎర్రగా, వేడిగా, గట్టిగా వాపు పరుచుకుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. అది వేరే రకం కావచ్చు, దానికి కోత సాధారణంగా మేలు చేయదు.

జవాబు (హైదరాబాద్)
ఒక్క మాట. ఆడకుక్క మూత్రద్వారం దగ్గర గానీ, మగకుక్క అంగం మీద గానీ గడ్డ చిట్లినట్టుండి నెత్తురు కారుతుంటే అది ఈ రకం కాకపోవచ్చు. వీధికుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే టీవీటీ అనే క్యాన్సర్ గడ్డ ఉంది. వారానికో విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్‌తో చాలావరకు కోత లేకుండానే పోతుంది. నరంలోకే ఎక్కాలి, పక్కకి కారితే కండ కుళ్ళుతుంది. అనుభవమున్న చేయి కావాలి.

ప్రశ్న (గుడివాడ)
ఆపరేషన్ అయ్యాక ఎక్కడ ఉంచాలి? మా ఇంట్లో మామగారు లోపలికి రానివ్వరు.

జవాబు (విజయవాడ)
కుట్లు విప్పేదాకా, అంటే సుమారు రెండు వారాలు, వీధిలోకి వదలకూడదు అక్కా. మెట్ల కింద గానీ బయటి బాత్రూమ్‌లో గానీ పొడిగా ఉంచి, కుట్లు నాకకుండా మెడకి కోన్ పెట్టండి. పాత బనీను తొడిగితే దుమ్ము పడదు, తడిస్తే వెంటనే మార్చాలి. నొప్పికి ఇంట్లో ఉన్న పారాసెటమాల్, బ్రూఫెన్ వేయకండి, కుక్కలకి విషం. డాక్టరు రాసిన మందే, రాసిన మోతాదులోనే. మామగారికి రెండు వారాలేనని చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే డాక్టరుగారినే అడగండి, కుట్లు విప్పేదాకా ఎక్కడైనా ఉంచే వీలుందేమో.