కారు ఏసీకి ఏటా గ్యాస్ నింపించడం సరైన పనేనా?

తిరుచానూరు వాసి:

మా కారు ఏడేళ్ల నాటిది. గత వేసవిలో కూలింగ్ తగ్గితే దగ్గరలోని ఏసీ షెడ్డులో గ్యాస్ నింపించాము. ఈ ఏడు మార్చి నెలాఖరుకే మళ్లీ అదే ఇబ్బంది మొదలైంది. ఏసీ గ్యాస్ ఏడాదికోసారి తగ్గడం మామూలేనని, మళ్లీ నింపించుకుంటే సరిపోతుందని షెడ్డువారు చెబుతున్నారు. మా బావగారు మాత్రం గ్యాస్ తగ్గిందంటే లీకేజీ ఉన్నట్టేనని, డ్యాష్‌బోర్డు విప్పి కూలింగ్ కాయిల్ మార్పించాల్సిందేనని పట్టుబడుతున్నారు. కాయిల్ ధర, కూలీ కలిపితే గ్యాస్‌కయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది. ఒక్క విషయం అదనంగా చెప్పాలి. రేణిగుంట వైపు బండి వేగంగా పోతున్నంతసేపు గాలి చల్లగానే వస్తుంది. అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర వాహనాల వరుసలో నిలబడితే మాత్రం కొద్ది నిమిషాల్లోనే వెచ్చబడుతుంది. అనుభవజ్ఞులు ఎవరి మాట వినమంటారో తెలియజేయగలరు.

రేణిగుంట డ్రైవర్:

సార్, ముందుగా గ్యాస్ నింపించండి. నేను విమానాశ్రయం నుంచి యాత్రికులను తిరుమలకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి తీసుకువెళ్లే బండి నడుపుతున్నాను. వేసవి సెలవుల్లో డ్యాష్‌బోర్డు విప్పి బండిని షెడ్డులో పెట్టుకుంటే ఆ రోజుల సంపాదన ఎవరిస్తారు? సైకిల్ ట్యూబులో గాలి మెల్లగా తగ్గుతుంటే ఊరు చేరేదాకా గాలి కొట్టించుకుని పోతాము గదా, ఇదీ అంతే. పైగా పాత బండ్లలో రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు గుండా ఏళ్ల తరబడి కొంత గ్యాస్ పోతూనే ఉంటుంది. దానికి కాయిల్ మార్చినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. ఏటా వేసవికి ముందు గ్యాస్ నింపించడం ఇంజిన్ ఆయిల్ మార్చడం లాంటి నిర్వహణ ఖర్చే అని నా అభిప్రాయం.

చిత్తూరు ఏసీ మెకానిక్:

డ్రైవర్ అన్నగారి ఆదాయం సంగతి నాకు తెలియనిది కాదు. నా దగ్గరికి వచ్చే బండ్లలో సగం టాక్సీలే. అయినా గ్యాస్‌ను ఇంజిన్ ఆయిల్‌తో కలిపి చూడడాన్ని నేను ఒప్పుకోలేను. ఆయిల్ వాడకంలో చెడిపోతుంది. ఏసీ గ్యాస్ అలా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తే, ముందున్న కండెన్సర్‌లో ఆ వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటగానే ఒత్తిడి పడిపోయి, కూలింగ్ కాయిల్‌లో మరుగుతూ కారు లోపలి వేడిని లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్‌కే చేరుతుంది. ఇన్నేళ్లు తిరిగినా అదే గ్యాస్. తగ్గిందంటే ఎక్కడినుంచో బయటకు పోయిందనే అర్థం. రబ్బరు గొట్టాల గుండా కొంత పోతుందన్న మాట నిజమే. అయితే ఆ నష్టం కూలింగ్‌లో కనబడడానికి ఏళ్లు పట్టాలి. ఒక వేసవిలో నింపినది మరుసటి వేసవికే చాలకపోతే దాన్ని సహజమైన తగ్గుదల అనలేము.

అంతకంటే పెద్ద సమస్య ఒకటుంది. ‘గ్యాస్ తగ్గింది’ అని షెడ్డులో ఎలా తేల్చారు? బండి ఆపి ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూసి ఉంటే ఆ అంకె దేనికీ పనికిరాదు. మన రోడ్లమీద తిరిగే కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ గ్యాస్, వ్యవస్థలో కొంచెమైనా ద్రవరూపంలో మిగిలి ఉన్నంతవరకు, ఉష్ణోగ్రతను బట్టే ఒత్తిడి చూపిస్తుంది. 35 డిగ్రీల ఎండలో ఆపిన బండిలో 400 గ్రాములున్నా, 250 గ్రాములున్నా గేజ్ మీద దాదాపు 113 పీఎస్‌ఐ కనబడుతుంది. ఏసీ నడుస్తున్నప్పుడు చూసే రెండు గేజ్‌లు కలిసి కొంత కథ చెబుతాయి. రెండు వైపులా ఒత్తిడి తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువన్న అనుమానం బలపడుతుంది. తక్కువ ఒత్తిడి వైపు ఎక్కువగానూ, ఎక్కువ ఒత్తిడి వైపు తక్కువగానూ ఉంటే కంప్రెసర్ నొక్కలేకపోతోందని అనుమానించాలి. రెండు వైపులా ఎక్కువగా ఉంటే గ్యాస్ మితిమీరి ఉండవచ్చు, లోపల గాలి చేరి ఉండవచ్చు, లేదా కండెన్సర్ మీదికి గాలి చాలకపోవచ్చు. బరువు మాత్రమే అసలు కొలత. బానెట్ కింద అతికించిన కాగితం మీద ఎన్ని గ్రాములు కావాలో కంపెనీవారే ముద్రిస్తారు. చిన్న కార్లకు అది సాధారణంగా అరకిలో లోపే ఉంటుంది కాబట్టి, చేతి అంచనాతో వంద గ్రాములు ఎక్కువ పోసినా చల్లదనం పెరగదు, తగ్గుతుంది.

ఇక తిరుచానూరు వాసిగారు చివర్లో చెప్పిన మాట నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. వేగంగా పోతుంటే చల్లదనం, నిలబడితే వేడి. ఇది గ్యాస్ కారిపోయిన బండి లక్షణం కన్నా కండెన్సర్‌కు గాలి అందని బండి లక్షణంగా ఉంది. బండి పోతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. కాబట్టి గ్యాస్ జోలికి, కాయిల్ జోలికి పోకముందే ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసి, కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. కండెన్సర్ రెక్కల మధ్య మన్ను, పురుగులు పేరుకుని ఉంటే రెక్కలు వంగకుండా మెల్లని నీటి ధారతో కడిగించండి. మా చిత్తూరు వైపు గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్లకు ఈ ఒక్క పనితోనే కూలింగ్ తిరిగి వచ్చిన సందర్భాలు చాలా చూశాను.

రేణిగుంట డ్రైవర్:

మీ మాటలో న్యాయముంది గానీ రెండు సందేహాలున్నాయి. మొదటిది, ఘాట్ ఎక్కేటప్పుడు నా బండిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉన్నా నడుమ నడుమ గాలి వెచ్చబడుతుంది. కిందికి దిగేటప్పుడు ఆ ఇబ్బంది ఉండదు. గ్యాస్ తక్కువై కాదా? రెండోది, నేను గ్యాస్ నింపించిన ప్రతిసారీ వాక్యూమ్ పెట్టి, అంటే లోపలి గాలిని పంపుతో లాగేసి, అరగంట చూస్తారు. ముల్లు కదలకపోతే లీకేజీ లేనట్టే గదా. మరి మీరు లీకేజీ ఉందని ఎలా అంటారు?

చిత్తూరు ఏసీ మెకానిక్:

ఘాట్ సంగతి ముందు చెబుతాను. చాలా కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, లేదా ఇంజిన్ వేడి ఒక హద్దు దాటినప్పుడు, ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరే కంప్రెసర్‌ను కాసేపు ఆపేస్తుంది. నిండా జనంతో రెండో ఘాట్ రోడ్డు ఎక్కే బండిలో ఇది తరచుగా జరుగుతుంది. దాన్ని లోపంగా భావించి గ్యాస్ పోయించడం వృథా. దిగేటప్పుడు ఇంజిన్‌కు శ్రమ ఉండదు కనుకనే మీకు ఆ తేడా కనబడుతోంది. అయితే ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే మాత్రం రేడియేటర్, కూలెంట్ చూపించుకోవాలి.

వాక్యూమ్ విషయంలో చాలామంది మెకానిక్‌లు కూడా పొరబడతారు. వాక్యూమ్ పెట్టేది ప్రధానంగా లోపలి గాలిని, తేమను తీసేయడానికి. ఒత్తిడి బాగా తగ్గిస్తే మన ఊరి వాతావరణంలోనే నీరు ఆవిరై పంపు ద్వారా బయటకు పోతుంది. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచు కట్టి దారి మూసుకుంటుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. లీకేజీ పరీక్షగా మాత్రం అది బలహీనమైనది. వాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి నెట్టే ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ మించదు. ఏసీ నడిచేటప్పుడు కండెన్సర్‌లో 200 దాటిన ఒత్తిడి లోపలినుంచి బయటకు నెడుతుంది. వాక్యూమ్‌లో గొట్టాల అతుకులోని రబ్బరు ఓ-రింగు లోపలికి అతుక్కుని నిలిచిన చోటే, నడిచేటప్పుడు సన్నగా కారవచ్చు. అందుకే పొడి నైట్రోజన్‌ను తగిన ఒత్తిడితో నింపి, ముల్లు నిలిచిందో లేదో చూసి, అతుకుల మీద సబ్బు నురగ రాసి వెతకాలి. అతి సన్నని లీకేజీలకు మెరిసే రంగు కలిపి అతినీల కాంతి దీపంతో చూడడం, లేదా గ్యాస్‌ను పసిగట్టే ఎలక్ట్రానిక్ పరికరం వాడడం మేలు.

కూలింగ్ కాయిల్ మీద నింద వేయడానికి ముందు డ్యాష్‌బోర్డు విప్పనక్కరలేదు. ఏసీ కాసేపు నడిపి ఆపాక, కారు కింద నీరు కారే గొట్టం దగ్గర పసిగట్టే పరికరం పెడితే, కాయిల్ కారుతున్న పక్షంలో అది చాలావరకు చెప్పేస్తుంది. గ్యాస్ నింపే చోట ఉండే చిన్న వాల్వ్ పిన్ను, గొట్టాల అతుకుల ఓ-రింగులు, రాళ్లు తగిలే కండెన్సర్ ముందు భాగం, కంప్రెసర్ సీలు, ఇవన్నీ కాయిల్ కంటే ముందు చూడవలసినవి. వాల్వ్ పిన్నుతో పోయేదానికి కాయిల్ మార్పించిన యజమానుల బాధ విన్నవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా పోతుందని మరవవద్దు. కంప్రెసర్‌కు ఆయిల్ చేరేది గ్యాస్ ప్రవాహంతోనే. గ్యాస్ తక్కువై, ఆయిల్ చాలక నడిచిన కంప్రెసర్ పట్టేస్తే, అందులోంచి వచ్చే లోహపు రజను మొత్తం వ్యవస్థను పాడుచేస్తుంది. లీకేజీని వెతకకుండా ఏడాదికోసారి గ్యాస్ నింపుతూ పోవడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే.

పాలిటెక్నిక్ అధ్యాపకుడు:

ఇద్దరి వాదనలూ చదివాను. ఒక చిన్న చేర్పు. గాలిలో కలిసిన ఆర్-134ఏ, వందేళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అంటే 400 గ్రాములు వదిలితే 572 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన ఆదేశంలో, ఏసీ నుంచి అసాధారణ మోతాదులో గ్యాస్ కారిపోతే, మరమ్మతు పూర్తయ్యేదాకా మళ్లీ నింపకూడదని షెడ్డులకే నిబంధన పెట్టారు. ‘అసాధారణ’ అన్న షరతును గమనించండి. డ్రైవర్‌గారు చెప్పిన మెల్లని సహజ నష్టానికి అక్కడా చోటుంది. ఈ తరహా గ్యాస్‌ల వాడకాన్ని తగ్గించేందుకు మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందానికి చేసిన కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. చవకగా దొరికే గుర్తింపులేని డబ్బాలలో మండే వాయువులు కలిసి ఉండే ప్రమాదం ఉంది, అటువంటివి కారులో నింపించవద్దు.

తిరుచానూరు వాసి:

అందరికీ ధన్యవాదాలు. మెకానిక్‌గారు చెప్పినట్టు ఏసీ వేసి చూస్తే, మా కారుకున్న రెండు ఫ్యాన్లలో ఏసీ వైపుది తిరగడం లేదు. రెండోది తిరుగుతున్నందువల్లనే ఇంజిన్ వేడెక్కలేదట. వేరే షెడ్డులో గేజ్‌లు పెట్టించాను. ఏసీ నడుస్తూ బండి నిలబడి ఉన్నప్పుడు ఎక్కువ ఒత్తిడి వైపు 300 పీఎస్‌ఐ దాటిపోయింది; కండెన్సర్ మీద నీళ్లు చల్లగానే దిగివచ్చింది. ఫ్యాన్ మోటారు మార్పించాక అలిపిరి వరుసలోనూ గాలి చల్లగానే వస్తోంది. తర్వాత యంత్రంతో గ్యాస్ బయటకు తీసి తూకం వేయించాను. కాగితం మీద 450 గ్రాములుండగా 410 మాత్రమే వచ్చింది. మరి లీకేజీ ఉన్నట్టా, లేనట్టా?

రేణిగుంట డ్రైవర్:

40 గ్రాములే గదా సార్, వదిలేయండి. దీనికి డ్యాష్‌బోర్డు విప్పమని ఎవరూ చెప్పకూడదు.

చిత్తూరు ఏసీ మెకానిక్:

ఈ మాట వరకు అన్నగారితో నేనూ ఏకీభవిస్తాను. పోయిన ఏడాది తూకం లేకుండా నింపారు కనుక ఎంతనుంచి 410కి వచ్చిందో తేల్చే ఆధారం లేదు. అప్పుడే తక్కువ పోసి ఉండవచ్చు, ఎక్కువ పోస్తే కొంత కారి ఉండవచ్చు. ఇప్పుడు వాక్యూమ్ పెట్టించి సరిగ్గా 450 గ్రాములు నింపించండి, బయటకు వచ్చినంత ఆయిల్ కూడా వేయించండి, కొద్దిగా మెరిసే రంగు కలపమనండి, వాల్వ్ పిన్నులు మార్పించి మూతలు బిగించండి. తేదీ, బరువు రాసిన కాగితాన్ని బానెట్ కిందనే అతికించండి. వచ్చే వేసవికి కూలింగ్ బాగుంటే దాన్ని ముట్టుకోనే వద్దు. తగ్గితే మళ్లీ తూకం వేయించండి. వంద గ్రాములకు మించి పోయిందని తేలితే అప్పుడు దీపంతో వెతికించి, రంగు కనబడిన చోటును మాత్రమే బాగుచేయించండి. మీ షెడ్డులో గ్యాస్ తీసే యంత్రం లేకపోయినా, నింపేటప్పుడు సిలిండర్ కింద తూకం మిషన్ పెట్టమని అడగవచ్చు. దానికి ఒప్పుకోని చోట గ్యాస్ నింపించవద్దు.