బాలల సంరక్షణ హోమ్ నుంచి బయటికొచ్చే పిల్లలకు 18 నిండకముందే ఏమేం చేయాలి? (విశాఖ)

కంచరపాలెం వలంటీర్:
హోమ్‌లో ఉంటున్న ఇద్దరు అబ్బాయిలకు మూడు నెలల్లో 18 నిండుతాయి. ఒకరు ఐటీఐలో ఫిట్టర్ చేస్తున్నారు, ఇంకొకరు ఇంటర్ అయ్యాక పని వెతుక్కుంటానంటున్నారు. గది ఒకరు, ఫీజు ఒకరు చూస్తామంటున్నారు గానీ అన్నీ కలిపి చూసేవాళ్లు లేరు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

బాలల హక్కులు:
జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో మొదలుపెట్టండి. 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 46వ సెక్షన్‌లో సాయం 'ఇవ్వవచ్చు' అనే ఉంది, కాబట్టి అడక్కపోతే దానంతటది రాదు. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ చట్టం కింది 2016 నిబంధనల ప్రకారం ఆఫ్టర్‌కేర్ (హోమ్ వదిలాక ఇచ్చే సాయం) 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో మరో 2 ఏళ్లు. మిషన్ వాత్సల్య (పిల్లల రక్షణకు కేంద్ర పథకం) కింద ఆ సాయం నెలకు రూ. 4,000.

హోమ్ వదలడానికి 2 నెలల ముందే ప్రణాళిక సిద్ధమవ్వాలి. అందులో 'నైపుణ్య శిక్షణ ఇప్పించాలి' అని ఒక్క లైను రాసి వదిలేస్తే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. ఏ తేదీ నుంచి ఎక్కడ ఉంటాడు, అద్దె ఎవరిది, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేస్తాడు, అన్నీ పేర్లతో రాయించండి. చదువు, వైద్యం, శిక్షణ ఇస్తామన్న సంస్థల జాబితా ఆ యూనిట్ దగ్గర ఉండాలని నిబంధనల్లోనే ఉంది. ఆ జాబితా అడిగి తీసుకుని, అందరినీ ఒకే రోజు కూర్చోబెట్టండి.

మర్రిపాలెం:
సాయం మంజూరైనా డబ్బు పడకపోవడానికి చాలాసార్లు కారణం ఆధార్, బ్యాంకు కాగితాలే. పిల్లల ఆధార్‌కు హోమ్ సిబ్బంది ఫోన్ నంబరే ఉంటుంది, ఓటీపీ వాళ్లకే వెళ్తుంది. 18 నిండకుండా సొంత పేరుతో సిమ్ ఇవ్వరు. అందుకే 18 నిండగానే ముందు సిమ్, తర్వాత ఆధార్‌లో ఆ నంబరు, ఆపైన బ్యాంకు. మైనర్ ఖాతాకు 18 నిండాక కొత్తగా కేవైసీ, సంతకం ఇవ్వకపోతే లావాదేవీలు ఆగిపోతాయి. ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్ కలపడం) కూడా అప్పుడే చేయించండి.

పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో అక్షరం తేడా లేకుండా కలుస్తున్నాయేమో ఈ వారమే చూడండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే. ఓటరు కార్డుకు 17 ఏళ్లు దాటగానే ఫారం-6 పెట్టొచ్చు.

గాజువాక ఐటీఐ:
ఫిట్టర్ అబ్బాయిని అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయించండి. హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ ప్రకటనలు వదలకండి. ఇంటర్ అబ్బాయి విషయంలో నాకు ఎక్కువ బెంగ. పనిలో చేరినా మొదటి జీతం మరుసటి నెలలోగానీ రాదు. ఆ మధ్యలో అద్దె, భోజనం, బస్సు ఖర్చులకు ముందే డబ్బు పక్కన పెట్టకపోతే, పని మానేసేది అప్పుడే.

ఒక్కడినే గదిలో పెట్టకండి. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే వసతి నిబంధనల్లోనే ఉంది. వంటకు 5 కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, చిరునామా రుజువు అడగరు.

బాలల హక్కులు:
ఇంకొకటి. పరవాడలోనో అచ్యుతాపురంలోనో పని దొరికితే అవి 2022 నుంచి అనకాపల్లి జిల్లా. విశాఖ యూనిట్‌లో ఉన్న ఫైలు సంగతి అక్కడి యూనిట్‌కు తెలియకపోతే అబ్బాయి ఎవరి లెక్కలోనూ ఉండడు. వెళ్లేముందే రెండు యూనిట్లకూ లేఖ ఇవ్వండి.