కాటిసీనుకి ఏడ్చిన మా నాన్న, కన్నతల్లి పోతే ఏడవలేదు. ఎందుకంటారు?

తెనాలి అబ్బాయి:
మొన్న శ్రీరామనవమికి మా ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం వేశారు. తెనాలి పక్కన పల్లెటూరు మాది, పందిరి వేస్తే నాటకం పడాల్సిందే. ముగ్గురు హరిశ్చంద్రులు, సీనుకొకరు. బాగా పాడే ఆయన్ని కాటిసీనుకి దాచిపెడతారు, జనం కూర్చునేదీ ఆయన కోసమే. అది మొదలయ్యేసరికి రాత్రి రెండు దాటింది.

మా నాన్న మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేశాడు. కాటా దగ్గర ఎవరితోనూ మాట పడని మనిషి. మా నాయనమ్మ పోయినరోజు పాడెకి వెదుళ్ళ బేరం కూడా ఆయనే చేశాడు, కంట తడి లేదు. నేను పక్కనే ఉన్నాను. అలాంటి మనిషి, చంద్రమతి పాము కరిచిన కొడుకుని చేతులమీద మోసుకుంటూ రాగానే కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. హరిశ్చంద్రుడు కాటి సుంకం అడిగేసరికి భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టు ఫోన్ తీశాను. తెర పడ్డాక "పద, టీ తాగుదాం" అన్నాడు, అంతే.

ఆ కథ ఆయనకి కంఠతా వచ్చు. చివర్లో పిల్లాడు బతుకుతాడనీ తెలుసు. మరి ఆ ఏడుపేంటి? మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారా? ఆయన్నే అడుగుదామంటే మొహమాటంగా ఉంది.

పాత లోహితాస్యుడు:
మా నాన్న హార్మోనిస్టు. ఎనిమిదో ఏట నుంచి లోహితాస్యుడి వేషం నాదే, రాత్రికి ఇరవై రూపాయలు. దర్భలు కోయడం, పాము కరవడం పది నిమిషాల పని. అసలు కష్టం ఆ తర్వాత, శవంలా పడుకోవడం. పైన లైటు, దాని చుట్టూ పురుగులు, కింద దోమలు. కాస్త కదిలితే చాలు, ముందు వరసలో పిల్లలు "బతికున్నాడ్రోయ్" అని అరిచేవాళ్ళు.

జాషువా పద్యాలు అందుకున్నారంటే ఇక వన్స్ మోర్లే. జనం ఒకపక్క కళ్ళు తుడుచుకుంటూనే వన్స్ మోర్ అంటారు, అదో చిత్రం. మా హరిశ్చంద్రుడు రాగం తీస్తే ఓ పట్టాన ఆపేవాడు కాదు. ఆ సందులో చంద్రమతి వేసే ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుని, జుట్టు విరబోసుకుని, ఏడుస్తున్నట్టే నా మొహం మీదికి వంగి "నిద్రొస్తోందా నాన్నా? ఇంకొక్క పద్యమేలే" అనేది. పైట చెంగుతో నా కాళ్ళమీద దోమలు తోలేది. కింద కూర్చున్నవాళ్ళకి అదంతా తల్లి శోకంలా కనపడేది. ఈలలు, చప్పట్లు.

ఇప్పుడు నాకు నలభై ఆరు. ఎక్కడైనా హార్మోనియం మీద ఆ వరస వినపడితే గొంతు పూడుకుపోతుంది. చచ్చిపోయిన పిల్లాడి కోసం కాదండీ. ఆ "ఇంకొక్క పద్యమేలే" కోసం.

గోదావరి కోడలు:
వన్స్ మోర్ అంటే గుర్తొచ్చింది. మా చెల్లి అప్పగింతల్లో దాని చేతులు పాలల్లో ముంచి అత్తగారికి అప్పగిస్తూ మా అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. వీడియో అతనేమో "అమ్మా, మెమొరీ కార్డు నిండిపోయింది, ఒక్కసారి మళ్ళీ" అన్నాడు. అందరం నవ్వేశాం. రెండోసారి చేతులు ముంచేసరికి ఏడ్చింది పెళ్ళికొడుకు!

నందికొట్కూరు వాసి:
మా అవ్వ కూడా మీ నాన్నలాంటిదే. మా ఊరు శ్రీశైలం డ్యాం నీళ్ళలో పోయింది. 1981లో ఊరు ఖాళీ చేయించినప్పుడు, ఇంటి దూలాలు ఊడబెరికి బండికెత్తేటప్పుడు కూడా ఏడవలేదట. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడితే, వేపలింగానికి మొక్కుకుని, అటునుంచి మా ఊరి దిబ్బకి పోయేది. ఓసారి నన్నూ తీసుకుపోయింది. గోడలు లేవు, పునాది రాళ్ళే. అడుగులతో కొలుచుకుంటూ పోయి ఒకచోట నిలబడి "ఇది వంటిల్లు" అంది. అక్కడ రోలు, అంచుదాకా ఒండ్రు నిండి ఉంది. చతికిలబడి వేళ్ళతో ఆ మట్టంతా తోడింది. గుంట శుభ్రమయ్యాక లోపల అరచెయ్యి పెట్టింది. అప్పుడు ఏడ్చింది. కాసేపాగి, "బరువని దీన్ని మీ తాత బండెక్కనియ్యలా" అని ఎప్పుడో పోయిన తాతని తిట్టుకుంటూ లేచింది.

తెనాలి అబ్బాయి:
లోహితాస్యుడు గారూ, మీరు రాసింది నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు చప్పుడు లేదు, లైను కట్టయిందనుకున్నాను. ఆఖరికి "అంత రాత్రి దాకా పడుకోబెట్టినందుకు ఆ ఇరవై రూపాయలు పిల్లాడి చేతికిచ్చేవాళ్ళా, వాళ్ళ నాన్నకా? కనుక్కో" అన్నాడు.

పాత లోహితాస్యుడు:
నాన్నకేనండీ. టీ, బన్ను మాత్రం ఆవిడ కొనిపెట్టేది.